ఆటకు ధడా

సోమల ప్రాంతమున పెద్దలకు పులిజూదము కొత్త కాదు. ఒకరికి 3 పులులు, వేరొకరికి 15 మేకలు. బలములు సమానము కాకున్నను ఆట న్యాయమైనదే. పులికి చంపు శక్తి ఉన్నది, మేకలకు చుట్టుముట్టు సంఖ్య ఉన్నది. ఒకరికి గల మేలును మరొక విధమున సరితూచు ఈ నేర్పును శ్రోతలకు విశదపరుపదలచినాము.

నూనె తూచుటకు ముందు అంగడివాడు ఖాళీ చెంబునకు ధడా కట్టును. తూర్పు ఆసియాలో ప్రసిద్ధమైన ‘గో’ ఆటలో ఇట్టి ధడాకే ‘కోమి’ అని పేరు. 19 అడ్డగీతలు, 19 నిలువుగీతలు గల పలకపై ఇద్దరు రాళ్ళు పేర్చి చోటును చుట్టుకొందురు. నల్లరాళ్ళవారిది మొదటి ఎత్తు; ఆ మేలునకు బదులుగా తెల్లరాళ్ళవారి లెక్కకు తుదిని కొన్ని పాయింట్లు కలుపుదురు. నల్లవారే హెచ్చుగా గెలుచుచున్నారని ఆటల ఫలితములు తెలుపగా, 2002లో జపాను సంస్థ నిహోన్ కీ-ఇన్ కోమిని ఐదున్నర నుండి ఆరున్నరకు పెంచినది. చైనాలో అది ఏడున్నర.

ఆ అర ఎందుకు? పలకపై అరపాయింటు రాదు. కనుక లెక్క సమముగా ముగియదు. కోమి నిండు అంకె అయినచో సమము రావచ్చును. దానిని ‘జిగో’ అందురు. అప్పుడు చెరిసగము పంచుటయో, తెల్లవారిని గెలిపించుటయో పోటీ నిబంధన ముందే చెప్పవలెను.

చదరంగములో తెల్లపావులవారు ముందు ఆడుదురు, డ్రాలు తరచు. విజేత తేలక తప్పనిచోట ‘అర్మగెడ్డాన్’ ఆట పెట్టుదురు. నల్లపావులవారికి సమయము తక్కువ. కాని డ్రా అయినచో గెలుపు వారిదే. 2019 డిసెంబరులో మాస్కో నగరమున ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మన కోనేరు హంపి, చైనా క్రీడాకారిణి లై టింగ్‌జీ సమానముగా నిలిచిరి. అదనపు ఆటలు రెండింటిలో చెరియొకటి గెలిచిరి. మూడవ ఆట అర్మగెడ్డాన్. హంపి నల్లపావులతో డ్రా చేసి జగజ్జేత్రి అయినది. తెల్లపావులవారికి అదే డ్రా ఓటమి. అయినను వివాదమునకు తావు లేదు, షరతు ఇరువురికిని ముందే తెలియును.

మన ఇండ్లలో పిల్లలు ఆడునపుడును ఇదే పాటింపదగును. చిన్నవానికి ఇచ్చు మినహాయింపును మొదటి ఎత్తుకు ముందే చెప్పవలెను. చెంబులో నూనె పోసిన పిదప ధడా కట్టుట ఎవరికిని సాధ్యము కాదు.