నడిస్తే పింఛను పోతుందా?



ఈసారి గోడపత్రికకి నేను కథ రాయటం లేదు. మన ఊళ్ళలో చాలామంది భయపడే ఒక సంగతి గురించి రాస్తున్నాను. కాలు బాగులేనివాళ్ళకి గవర్నమెంటు పింఛను ఇస్తుంది కదా. వాళ్ళు నడిచినా, పని చేసినా ఆ పింఛను తీసేస్తారని అందరూ అనుకుంటారు. అది ఎంతవరకు నిజమో నేను తెలుసుకున్నది రాస్తాను.

మా మావకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నగా ఉంటుంది. ఆ కాలికి కేలిపర్ వేసుకుని, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు. మా వైపు దారులన్నీ ఎగుడు దిగుడే. అయినా కాఫీ పండ్లు కోసే రోజుల్లో తోటకి వెళ్ళేవాడు. మిరియాలు ఎండబెట్టేవాడు. సంత రోజున సంతకి వెళ్ళేవాడు.

2025లో మన ఆంధ్రప్రదేశ్‌లో పింఛను తీసుకునే వికలాంగులకి మళ్ళీ పరీక్షలు చేశారు. అప్పుడు ఊళ్ళో ఒకాయన "సంతకి నడిచొస్తున్నావు, ఎవరైనా చూసి రాసిచ్చారంటే నీ పింఛను పోయినట్టే" అన్నాడు. అంతే. మా అమ్మమ్మ కేలిపర్ తీసి అటక మీద పెట్టేసింది. "అరుగు మీద కూర్చో. ఎవరొచ్చినా లేవకు" అంది.

నిజం చెప్పాలంటే నేను కూడా అలాగే అన్నాను. నేను సెలవులకి వెళ్ళేటప్పుడు మావ బస్సు దగ్గరకి వస్తానంటే "వద్దు మావా, ఎవరైనా చూస్తారు" అన్నాను. నా ట్రంకు పెట్టె, చెప్పులు, నోటు పుస్తకాలు ఆ పింఛను డబ్బుతోనే కొన్నారు. అందుకే నాకూ భయం వేసింది. ఇది రాయటానికి సిగ్గుగా ఉంది, గానీ రాస్తున్నాను.

నాలుగు నెలలు అలా కూర్చున్నాక మావ మోకాలు తిన్నగా చాపుకోలేకపోయాడు. కేలిపర్ కిందకి దించి వేద్దామంటే పట్టలేదు. అప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. అక్కడ ఫిజియోథెరపీ చేసే మేడమ్ గారు మా అమ్మమ్మని ఏమీ తిట్టలేదు. కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పారు. తర్వాత మా సైన్సు సారుని కూడా అడిగాను. ఆ సంగతులు ఇవి.

కదలకపోతే ఏమవుతుంది?

పోలియో కాలికి వచ్చే రోగమని మనం అనుకుంటాం. కానీ ఆ వైరస్ వెన్నుపాములో ఉండే నరాల కణాలను చంపుతుంది. కండరాలకి "కదులు" అని చెప్పే కణాలు అవే. చెప్పేవాళ్ళు లేక కండరం సన్నబడిపోతుంది. స్పర్శ మాత్రం పోదు. అందుకే మావకి ఆ కాలి మీద చీమ పాకినా తెలుస్తుంది.

పోయిన కణాలు మళ్ళీ రావు. కానీ మిగిలిన కండరాలు పని చేస్తూనే ఉంటాయి. వాటిని కూడా వాడకపోతే అవీ బలం తగ్గిపోతాయి. కీలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటే దాని చుట్టూ ఉన్న కండరాలు, నరంలాంటి పట్టీలు కురచబడిపోయి కీలు బిగుసుకుపోతుంది. మావ మోకాలికి జరిగింది ఇదే. అంటే పోలియో పాడుచేసింది కొంత, మేము కూర్చోబెట్టి పాడుచేసింది కొంత.

జీలుగు చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతిన్నవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి నడుము కింద స్పర్శ ఉండదు. ఒకే చోట కూర్చుంటే, పడుకుంటే ఒత్తిడికి చర్మం చితికి పుళ్ళు పడతాయి. నొప్పి తెలియదు కాబట్టి పుండు పెద్దదయ్యేదాకా తెలియదు. వాళ్ళకి కదలటం ఇంకా ముఖ్యం.

పింఛను దేన్నిబట్టి ఇస్తారు?

1995 చట్టంలో 7 రకాల వైకల్యాలే ఉండేవి. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి. పింఛను రావాలంటే సర్టిఫికెట్లో కనీసం 40 శాతం ఉండాలి. మన రాష్ట్రంలో ఆ పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయలు. అంతకు ముందు 3,000 ఉండేది. తెలంగాణలో 2023లో 4,016 రూపాయలు చేశారు.

ఆ శాతం ఊళ్ళో వాళ్ళు చూసి చెప్పేది కాదు. డాక్టరు గారు కొలుస్తారు. కీలు ఎంతవరకు వంగుతుంది, ఎంతవరకు చాపగలరు, నిలబడితే నిలకడ ఉందా అని చూస్తారు. కండరం బలానికి మన పరీక్షల్లాగే 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. 0 అంటే కండరం అసలు కదలదు. 3 అంటే కాలి బరువుని కాలే పైకి ఎత్తుకోగలదు, కానీ మనం చేత్తో నొక్కితే ఆగలేదు. 5 అంటే మామూలు బలం. కేలిపర్ వేసుకుని సంతకి వెళ్ళినంత మాత్రాన పోలియో కాలికి 5 మార్కులు రావు.

ఇంకో మాట. కేలిపర్లు, చంక కర్రలు, మూడు చక్రాల బండి ఉచితంగా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం 1981 నుంచి ఉంది. ఆర్టీసీ బస్సుల్లో వికలాంగులకి రాయితీ ఉంది. వీళ్ళు ఇంట్లోనే కూర్చోవాలని గవర్నమెంటు అనుకుంటే బండి ఎందుకిస్తుంది? బస్సులో రాయితీ ఎందుకిస్తుంది? మేడమ్ గారు ఈ మాట అడిగితే మా అమ్మమ్మ దగ్గర జవాబు లేదు.

అయితే ఒకటి దాచకుండా చెప్పాలి. మన రాష్ట్రంలో నెలకి 15,000 పింఛను కూడా ఉంది. అది మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి ఇస్తారు. నడవగలిగినవాళ్ళు నడవలేమని చెప్పి అది తీసుకోకూడదు. అది నిజంగా లేవలేనివాళ్ళ డబ్బు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు చేతులతో కుర్చీ తోసుకోవటం, చేతుల వ్యాయామం చెయ్యటం మాత్రం తప్పు కాదు. ఇంటి ఆదాయం ఇంత మించకూడదనే నియమం వేరే ఉంది. దానికీ నడకకీ సంబంధం లేదు.

ఏం చెయ్యాలి?

పెద్దవాళ్ళు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వైకల్యం ఉన్నవాళ్ళకి కూడా అదే లెక్క చెప్పింది. రోజుకి ఇరవై నిమిషాలు పైచిలుకు అన్నమాట. అంత చేయలేనివాళ్ళు చేయగలిగినంతతో మొదలుపెట్టాలి. కొంచెమైనా మంచిదే.

1. కీళ్ళు బిగుసుకోకుండా రోజూ మెల్లగా చాపాలి. మావ మడమ కింద గుడ్డ చుట్ట పెట్టుకుని, మోకాలు చాపి కొంచెంసేపు ఉంచుతాడు. బోర్లా కూడా పడుకుంటాడు. ఎలా చెయ్యాలో ముందు ఆస్పత్రిలో చూపించుకోవాలి. బలవంతంగా గుంజకూడదు.

2. కుర్చీలో ఉండేవాళ్ళు పదిహేను నిమిషాలకో, అరగంటకో ఒకసారి రెండు చేతులూ ఆనించి ఒళ్ళు పైకెత్తాలి. స్పర్శ లేనివాళ్ళు రోజూ అద్దంలో చర్మం చూసుకోవాలి. లేకపోతే ఇంట్లోవాళ్ళు చూడాలి.

3. చేతికొచ్చిన పని చెయ్యాలి. అడ్డాకులు కుట్టటం, చింతపండు గింజ తియ్యటం, నిలబడి మిరియాలు తిరగెయ్యటం కూడా వ్యాయామమే.

ఎక్కువ చేసినా తప్పే. పోలియో వచ్చినవాళ్ళకి చాలా ఏళ్ళ తర్వాత కొత్తగా నీరసం, నొప్పులు రావచ్చు. మిగిలిన నరాలు అన్నేళ్ళూ ఎక్కువ పని చేసి అలిసిపోతాయి. కాబట్టి మధ్యమధ్య కూర్చోవాలి. మరునాడు కూడా నొప్పి ఉంటే తగ్గించాలి. ఎక్కువ దూరానికి బండి ఎక్కటం బద్ధకం కాదు.

దీపా మాలిక్ గారికి ఛాతీ కింద భాగం పనిచేయదు. ఆమె కూర్చునే ఇనుప గుండు విసిరి 2016 రియో పారాలింపిక్స్‌లో వెండి పతకం తెచ్చారు. పారాలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమే. అందరూ పతకాలు తేనక్కర్లేదు. తన ఊళ్ళో తను తిరగగలిగితే చాలు.

మావ సంగతి

రెండు నెలలు రోజూ చేస్తే మావ మోకాలు చాపగలిగాడు. కేలిపర్ మళ్ళీ పట్టింది. సర్టిఫికెట్ పరీక్షకి పిలుపు వస్తే అమ్మమ్మ "ఎత్తుకుని తీసుకెళ్దాం" అంది. మావ ఒప్పుకోలేదు. కేలిపర్ వేసుకుని నడిచే వెళ్ళాడు. డాక్టరు గారు కేలిపర్ తీయించి కాలు కొలిచారు. ముందు సర్టిఫికెట్లో 60 శాతం ఉండేది. ఇప్పుడూ 60 శాతమే వేశారు. పింఛను వస్తూనే ఉంది.

మొన్న సంక్రాంతికి నేను బస్సు దిగేసరికి మావ అక్కడ నిలబడి ఉన్నాడు. నా పెట్టె మోస్తానన్నాడు గానీ నేను ఇవ్వలేదు. ఇద్దరం మెల్లగా నడిచి ఇంటికి వెళ్ళాం.

స్నేహితులారా! సెలవులకి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరైనా పింఛను భయంతో అరుగు మీద కూర్చుండిపోయారేమో చూడండి. వాళ్ళకి ఈ సంగతులు మీ ఇంటి భాషలో చెప్పండి. నాలాగా "ఎవరైనా చూస్తారు" అని మాత్రం అనకండి.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని