పిడికెడు బియ్యంతో నడిచే పల్లె చర్చి
పొలం పనులే పంచాంగం.. వలసలతో తప్పుతున్న లెక్క

డోర్నకల్: పల్లెలోని చర్చికి రెండు పంచాంగాలు ఉంటాయి. ఒకటి క్రైస్తవ సంఘం తరతరాలుగా పాటిస్తున్న ఆరాధనా క్రమం. రెండోది పొలం పనుల క్రమం. ఈ రెండూ కలిసిన వారం చర్చిలో చాపలు చాలవు. కలవని వారం గంట మోగినా నలుగురు వృద్ధులు, పిల్లలు తప్ప ఎవరూ కనిపించరు. ఖమ్మం, మహబూబాబాద్ జిల్లాల్లోని దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) గ్రామ చర్చిల ఏడాది ఈ రెండు పంచాంగాల మధ్యే సాగుతోంది. సభ్యుల్లో అత్యధికులు వ్యవసాయ కూలీలు, చిన్న రైతులు. వారి చేతికి పని దొరికితేనే చర్చికి కానుక అందుతుంది. పని కోసం వారు ఊరు విడిస్తే చర్చి ఖాళీ అవుతుంది.

అజరయ్య వేసిన బాట

ఈ ప్రాంత సంఘాల తీరు అర్థం కావాలంటే వంద సంవత్సరాలు వెనక్కి వెళ్లాలి. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతానికి చెందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ వచ్చి స్థిరపడ్డారు. అప్పట్లో ఇది నిజాం పాలనలోని చిన్న రైల్వే కూడలి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఈ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న కన్నుమూసే వరకు డోర్నకల్‌నే కేంద్రంగా చేసుకుని పనిచేశారు.

ఆ కాలంలో సంఘంలో చేరినవారు ఎక్కువగా మాల, మాదిగ వాడల్లోని నిరుపేదలు. విదేశీ డబ్బుపై ఆధారపడిన సంఘం తన కాళ్లపై నిలవదని అజరయ్య నమ్మారు. ఎంత పేదవారైనా తమకున్న దానిలో కొంత ఇవ్వడం నేర్చుకోవాలని బోధించారు. బాప్తిస్మం పొందినవారు తలపై చేయి ఉంచుకుని, తామూ సువార్త చాటుతామని ప్రమాణం చేసే పద్ధతిని ప్రవేశపెట్టారు. పగలంతా పొలంలో ఉండే కూలీల వీలు చూసి పల్లెల్లో సాయంకాల ప్రార్థనలు నిర్వహించేవారు. పొలం వేళలకు తగినట్లు ఆరాధన వేళలు మార్చుకునే అలవాటు ఆనాటిదే.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కెథడ్రల్ ఆయన ఆలోచనకు నిలువెత్తు సాక్ష్యం. హిందూ, ముస్లిం నిర్మాణ రీతులను మేళవించి కట్టిన ఈ దేవాలయాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన సందర్భాన్ని స్మరించే ఎపిఫనీ పండుగ కూడా జనవరి 6నే వస్తుంది. ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ ఇండియా ఐక్య సంఘాలు కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐగా ఏర్పడ్డాయి. డోర్నకల్ అందులో ఒక అధ్యక్ష మండలమైంది.

నక్షత్రంతో మొదలయ్యే ఏడాది

చర్చి సంవత్సరం జనవరిలో మొదలు కాదు. నవంబరు 27, డిసెంబరు 3 తేదీల మధ్య వచ్చే ఆదివారంతో ఆరంభమవుతుంది. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఈ నాలుగు ఆదివారాల కాలాన్ని ఆగమన కాలం అంటారు. బల్లపై ఊదారంగు వస్త్రం పరుస్తారు. ఇళ్లపై కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. యువకులు డోలక్, తాళాలతో రాత్రివేళ ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడతారు. ప్రతి ఇంటివారూ తోచినంత కానుక ఇస్తారు. చర్చి సున్నాలకు, పిల్లల నాటికలకు, పేద వృద్ధుల బట్టలకు ఎక్కువగా ఈ సొమ్మే ఆధారం.

పొలంలో ఇదే సమయంలో వానాకాలం వరి కోతలు ముగింపుకు వస్తాయి. పత్తి తీతలు సాగుతుంటాయి. చేతిలో కూలి డబ్బు ఆడే రోజులు కావడంతో క్రిస్మస్ పల్లెల్లో ఘనంగా జరుగుతుంది. నగరాల్లో స్థిరపడిన పిల్లలు కుటుంబాలతో ఊరికి వస్తారు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనతో ఆ సందడి ముగుస్తుంది. జనవరి మొదటి వారం దాటితే సంఘం మళ్లీ పలుచబడుతుంది.

మిరప ఏరే వేళ శ్రమకాలం

ఈస్టర్ తేదీ ఏటా మారుతుంది. మార్చి 21న గాని, ఆ తరువాత గాని వచ్చే పౌర్ణమిని దాటిన తొలి ఆదివారం ఈస్టర్ అవుతుంది. అందువల్ల అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు. 2024లో మార్చి 31న, 2025లో ఏప్రిల్ 20న, 2026లో ఏప్రిల్ 5న వచ్చింది. దానికి ముందు ఆదివారాలు మినహాయించి 40 రోజులు శ్రమకాలం. భస్మ బుధవారంతో ఇది మొదలవుతుంది.

ఇక్కడే రెండు పంచాంగాలు ఢీకొంటాయి. జనవరి నుంచి మార్చి వరకు ఈ ప్రాంతంలో మిరప ఏరే పనులు ముమ్మరంగా ఉంటాయి. సొంత ఊళ్లో పని లేని కుటుంబాలు పిల్లాపాపలతో మిరప తోటలున్న గ్రామాలకు వెళ్లి, అక్కడే గుడారాలు వేసుకుని ఉంటాయి. శ్రమకాలంలో ఇంటింటా జరగాల్సిన ప్రార్థన కూటాలకు అలాంటి ఊళ్లలో తాళాలే స్వాగతం పలుకుతాయి. మరోవైపు, పనులున్న ఊళ్లలోని చర్చిలకు పొరుగు మండలాల కూలీలు వచ్చి చేరతారు. గురువు వారిని తమ సంఘస్థుల్లాగే చూసుకోవాలి. అనారోగ్యం వస్తే పరామర్శించాలి. శ్రమకాలం త్వరగా మొదలైన ఏడాది ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఈస్టర్ ఏప్రిల్ మూడో వారంలో వస్తే మాత్రం వెళ్లినవారు చాలావరకు తిరిగి వస్తారు.

మట్టల ఆదివారం నాడు పిల్లలు తాటి, ఈత మట్టలు పట్టుకుని వీధుల్లో ఊరేగుతారు. శుభ శుక్రవారం మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు, సిలువపై క్రీస్తు పలికిన ఏడు మాటలను ధ్యానిస్తారు. ఆ రోజు రైతులు కూడా కూలీలను బలవంతపెట్టరు. ఈస్టర్ నాడు తెల్లవారకముందే సమాధుల వద్ద దీపాలు వెలిగించి పాటలు పాడతారు.

వేసవిలో పిల్లలు, పెళ్లిళ్లు

ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వరి కోతలు పూర్తవుతాయి. బడులకు సెలవులు రావడంతో చర్చిలో పిల్లలకు వేసవి బైబిలు తరగతులు నడుపుతారు. పాటలు, కథలు, బొమ్మలతో సాగే ఈ తరగతులకు ఇతర కుటుంబాల పిల్లలు కూడా వస్తారు. పదో తరగతి దాటిన యువతీయువకులే వీటికి ఉపాధ్యాయులు.

పెళ్లిళ్లకూ ఇదే అదను. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరాలుంటే తెలపాలని ప్రకటిస్తారు. చర్చిలో జరిగే వివాహాలకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం వర్తిస్తుంది. సాధారణంగా ఉదయం 6 గంటల నుంచి రాత్రి 7 గంటల లోపే వివాహం జరగాలని ఆ చట్టం నిర్దేశిస్తోంది. సాక్షులు సంతకాలు చేయాలి. ఊరేగింపు ఆలస్యమైతే గురువు కంగారు పడేది ఇందుకే.

తొలకరి నుంచి కోతల దాకా

ఈస్టర్ తరువాత యాభయ్యో రోజు పెంతెకొస్తు. ఆ పండుగ దాటాక ఆగమన కాలం వరకు ఆరు నెలల పాటు పెద్ద పండుగలు ఉండవు. బల్లపై వస్త్రం ఆకుపచ్చకు మారుతుంది. పొలంలోనూ అదే రంగు. జూన్‌లో తొలకరి పడగానే పత్తి గింజలు పెడతారు. వాన ఆలస్యమైతే వర్షం కోసం ప్రత్యేక ప్రార్థన జరుగుతుంది. కొత్త విత్తనాలను బల్ల వద్దకు తెచ్చి ప్రార్థన చేయించుకుని వెళ్లే కుటుంబాలు కూడా ఉన్నాయి. జులై, ఆగస్టు నాట్ల సమయంలో మహిళలు ఆదివారమూ పొలానికి వెళ్లక తప్పదు. అలాంటి వారాల్లో ఆరాధనను చీకటిపడ్డాక జరుపుతారు.

ఈ నెలల్లో సంఘాన్ని నిలిపేది స్త్రీల సమాజమే. వారానికోసారి ఒక ఇంట్లో కూడి ప్రార్థించడం, బాలింతలను, రోగులను చూసిరావడం, చందాలు పోగుచేయడం వారి పని. సీఎస్ఐలో స్త్రీలకు గురువులుగా అభిషేకం పొందే అవకాశం ఉంది. 2013లో ఎగ్గోని పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. సీఎస్ఐలో తొలి మహిళా బిషప్ ఆమే. అయినా పల్లెల్లో సంఘ పెద్దలుగా ఇప్పటికీ పురుషులే ఎక్కువ.

నవంబరు 2న సమాధుల పండుగ. కలుపు తీసి, సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. వలస వెళ్లినవారు క్రిస్మస్‌కు రాలేకపోయినా ఈ రోజుకు రావాలని చూస్తారు. శ్మశానానికి స్థలం చాలకపోవడం, దారి లేకపోవడం వంటి సమస్యలు ఆ రోజునే అందరి దృష్టికి వస్తాయి.

గుమ్మడికాయకు వేలం.. కుండలో పిడికెడు

వరి కోతలు పూర్తయ్యాక, ఊరి వీలును బట్టి నవంబరు, ఫిబ్రవరి మధ్య పంటకోత పండుగ జరుపుతారు. తొలిపంటలో భాగాన్ని దేవునికి అర్పించడం దీని ఉద్దేశం. ధాన్యం బస్తాలు, పత్తి, మిరప, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు, మేకపిల్లలు.. ఎవరికి ఏది ఉంటే అది బల్ల ముందుకు వస్తుంది. ఆరాధన తరువాత చర్చి ఆవరణలో వేలం వేస్తారు. సంతలో తక్కువ ధర పలికే సొరకాయకు ఇక్కడ పోటీ పెరిగి అనేక రెట్లు పలకడం మామూలే. సొంత భూమి లేని కూలీ కూడా కూలికి వచ్చిన గింజల్లో కొన్ని తెస్తాడు. ఏడాదిలో చర్చికి వచ్చే పెద్ద రాబడి ఇదే.

పండుగ ఒక్క రోజుది. పిడికెడు బియ్యం ప్రతి పూటది. అన్నం వండేందుకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఇల్లాలు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని చర్చికి తెచ్చి పెద్ద పాత్రలో పోస్తారు. దాన్ని అమ్మి ఖాతాలో జమ చేస్తారు, లేదా పేదలకు పంచుతారు. పిడికెడు 40 గ్రాములనుకుంటే రెండు పూటలకు ఒక ఇంటి నుంచి ఏడాదికి సుమారు 29 కిలోలు అవుతాయి. 60 ఇళ్ల సంఘం తప్పక పాటిస్తే 17 క్వింటాళ్లు దాటుతాయి. ఒక ఇంటికి భారం కాని కానుక ఊరంతా కలిస్తే ఎంతవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

ఈ రాబడి ఊరికే పరిమితం కాదు. ఒక గురువు పరిధిలోని కొన్ని గ్రామ సంఘాలను కలిపి పాస్టరేట్ అంటారు. ప్రతి పాస్టరేట్ తన వాటాను అధ్యక్ష మండలానికి చెల్లించాలి. గురువుల జీతాలకు సాధారణంగా ఈ వాటాలే ఆధారం. ప్రభురాత్రి భోజన సంస్కారాన్ని అభిషేకం పొందిన గురువే జరపాలి. ఆయన అన్ని ఊళ్లకూ ప్రతి ఆదివారం వెళ్లలేరు. అందువల్ల చిన్న సంఘాలకు ఆ సంస్కారం నెలకోసారి అందడమే ఎక్కువ. మిగతా వారాల్లో సువార్తికుడో, సంఘ పెద్దో ఆరాధన నడుపుతారు.

రిజిస్టరులో రాయని పేర్లు

చర్చి బీరువాలో బాప్తిస్మం, వివాహం, భూస్థాపన వివరాల రిజిస్టర్లు ఉంటాయి. ఈ పుస్తకాల్లో పేరు ఎక్కడం కొన్ని కుటుంబాలకు ఆనందంతో పాటు ఆందోళనను కూడా తెస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. క్రైస్తవులకు వర్తించలేదు. రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన ఎస్సీలను, వారి సంతతిని బీసీ-సీ వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. మతం మారిన దళితుల హోదాపై పరిశీలనకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ నేతృత్వంలో కమిషన్‌ను నియమించింది.

మతం మారినా వాడ మారలేదని, చేసే పని మారలేదని, హోదా మాత్రం పోయిందని ఈ కుటుంబాల వాదన. ఎస్సీ హోదా ఇస్తే ఇప్పటికే ఆ జాబితాలో ఉన్నవారి వాటా తగ్గుతుందని వ్యతిరేకించేవారూ ఉన్నారు. ఈ వివాదం నడుమ, పిల్లల చదువు, ఉద్యోగాలకు అడ్డు వస్తుందన్న భయంతో ఏళ్ల తరబడి ఆరాధనకు వస్తూనే బాప్తిస్మానికి వెనుకాడేవారు పల్లెల్లో కనిపిస్తారు. చాపపై కూర్చున్నవారి సంఖ్యకు, రిజిస్టరులోని సంఖ్యకు తేడా రావడానికి ఇదొక కారణం.

యంత్రం వచ్చె.. గింజ తగ్గె

వరికోత యంత్రాలు వచ్చాక కూలికి గింజలు కొలవడం తగ్గిపోయింది. నెలపాటు సాగే కోతలు రోజుల్లో ముగుస్తున్నాయి. కూలి నగదుగా మారడంతో పంటకోత పండుగకు వచ్చే బస్తాలు తగ్గి కవర్లలో డబ్బు పెరిగింది. యువత హైదరాబాద్ వంటి నగరాలకు వెళ్లడంతో పిడికెడు తీసే కుండలూ తగ్గుతున్నాయి. వృద్ధ దంపతులు మాత్రమే మిగిలిన ఇంట్లో వండేదే గుప్పెడు. అందులోంచి తీసేది ఎంత?

దీనికి తగ్గట్టు సంఘాలు మారుతున్నాయి. వలస వెళ్లినవారు నెలకింత అని సెల్‌ఫోన్ ద్వారా కానుక పంపుతున్నారు. పంటకోత పండుగను సంక్రాంతి సెలవులకు జరుపుకొంటే బయటి ఊళ్లవారు హాజరవుతారని కొన్నిచోట్ల పెద్దలు ఆలోచిస్తున్నారు. డబ్బు లోటు కొంత పూడుతోంది. శ్రమకాలంలో తాళం వేసిన ఇంటి ముందు ప్రార్థన చేసేవారి లోటుకు మాత్రం దారి దొరకలేదు.

ఏడాది చివర ఆదివారం ఆరాధన ముగిశాక కోశాధికారి లెక్కల పుస్తకం తెరిచి పైకి చదువుతారు. వేలంలో వచ్చినది, పిడికెడు బియ్యం అమ్మగా వచ్చినది, పెళ్లిళ్ల కానుకలు, పైకప్పు మరమ్మతు, కరెంటు బిల్లు, పాస్టరేట్‌కు కట్టిన వాటా.. పైసాతో సహా వినిపిస్తారు. అక్షరం రానివారు సైతం శ్రద్ధగా విని, తేడా ఉంటే నిలదీస్తారు. తమ కుండలోంచి తీసిన బియ్యం లెక్క తమకు తెలియాలన్నది వారి పట్టుదల. ఆ పుస్తకం మూసిన మరుసటి వారం మళ్లీ ఆగమన కాలం మొదలవుతుంది.