ఇరువురు కూర్చుండు కారు

శంకర్‌పల్లిలో మా యింటి ముంగిట వేపచెట్టు క్రింద ఒక యెఱ్ఱని చిన్న కారున్నది. మా గడప త్రొక్కిన సోదరీమణు లందఱు మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే: “పిల్లలెక్కడ కూర్చుంటరు?” పిల్లలకు దానిలో చోటు లేదు. అది యిరువురే కూర్చుండు బండి. ఇంట మేము అయిదుగురము. ఒక బడిపంతులుగారి కుటుంబమునకు ఇట్టి బండి యెట్లు చేరినది, చేరినదానిని మేమెట్లు నిలుపుకొంటిమి అను సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

మా మేనమామగారు హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండగా 2004లో దీనిని కొని, కన్నబిడ్డవలె చూచుకొనిరి. వారికి చూపు మందగించెను. తమ కుమారులకు పెద్దకార్లపైననే మక్కువ. ఒకనాడు మమ్ము పిలిచి, “నువ్వు పుస్తకం చూసి అర్థం చేసుకునేదానివి. దీని పుస్తకం కూడా ఉన్నది, చదువుకో” అని తాళపుచెవులు చేతిలో నుంచిరి. పేరునకు కొద్ది పైకము పుచ్చుకొనిరి. చిన్ననాట వారి యరుగుమీద కూర్చుండి భారతము చదివిన మాకు, వారిచేత నట్టి మాట యనిపించుకొనుట బండికన్న నెక్కువ విలువగా తోచెను.

ఇంటికి తెచ్చిననాడే అత్తగారు తేల్చి చెప్పిరి: “అయిదుగురున్న ఇంటికి ఇద్దరు కూసునే కారెందుకమ్మా? అమ్మేసి పిల్ల ఫీజు కట్టున్రి.” వారి మాటలో తప్పు లేదు. అమ్మాయి ఆ యేటనే కళాశాలలో చేరవలసియుండెను. పాతకార్లపై మోజుగల యొక నగరవాసి అప్పటికే ఫోనుచేసి బేరము పలికియుండెను. మావారు ఇటు తల్లిని, అటు మమ్మును చూచి, బడిలో పిల్లల తగవు తీర్చినట్లు, “ఒక్క ఏడాది చూద్దాం. అప్పటికి ఇది ఉపయోగపడకపోతే అమ్మేద్దాం” అని తీర్పు చెప్పిరి.

ఈ కారు పేరు శాన్ స్టార్మ్. బెంగుళూరి శాన్ సంస్థవారు గోవాలో కర్మాగారము పెట్టి, గత శతాబ్దపు చివర దీనిని బయటికి తెచ్చిరి. ఇప్పుడు తయారు లేదు. దేహము ఇనుపరేకు గాదు, ఫైబర్‌గ్లాసు. పైకప్పు గుడ్డ, దానిని వెనుకకు మడువవచ్చును. యంత్రము ఫ్రాన్సుదేశపు రెనో వారిది, 1149 సీసీలది. ఆ యంత్రమునే వారు తమ దేశమున ట్వింగో, క్లియో అను చిన్నకార్లలోను బిగించిరి. పందెపు కార్లను తలచుకొని దీని సత్తువ నెంచినచో నవ్వు వచ్చును. కాని బరువు తక్కువగుటచేత ఆ కొద్ది సత్తువయే చాలును. ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అను నతడు 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విప్పి తన మొదటి బండిని చేసికొనెను. 1957లో లోటస్ సెవెన్ అను తేలికబండిని వెలువరించెను. 1989లో జపానువారి మాజ్దా సంస్థ ఎమ్‌ఎక్స్-5 అను రెండుసీట్ల కారుతో ఈ మార్గమునకు మరల ప్రాణము పోసినది. వీరందఱి సూత్రము నొకటే. బరువు పెరిగినచో పెద్ద యంత్రము కావలెను, పెద్ద యంత్రము నాపుటకు పెద్ద బ్రేకులు, వానిని మోయుటకు లావు చక్రములు, మరల బరువు. మా యూరి మెకానిక్కు దీనినే ఒక్క ముక్కలో చెప్పినాడు: “అమ్మా, బరువు లేదు గనుకనే గీ బండి ఉర్కుతది. బరువెక్కిస్తే అన్ని బండ్ల లెక్కనే.”

కాగితముల పని ముందు చేసికొనవలెను. అమ్మువారు 29వ ఫారము, కొనువారు 30వ ఫారము రవాణాశాఖకు సమర్పించవలెను. పదునాలుగు దినములలోపల భీమాను కూడ మన పేరిటికి మార్పించుకొనవలెను. ఎదుటివారికి కలుగు నష్టమునకు భీమా లేకుండ బండి రోడ్డెక్కించుట 1988నాటి చట్టముచే నేరము. పదునైదేండ్లు దాటిన సొంతకారునకు అయిదేండ్లకొకసారి పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. మా బండి పలకపై నింకను ‘ఏపీ’ అక్షరములే యున్నవి; ‘టీఎస్’ వచ్చెను, 2024లో ‘టీజీ’ వచ్చెను, అది మాత్రము తన పుట్టినింటి పేరు విడువలేదు. ఫారములు వ్రాసి పెట్టు నొకడు మమ్ము చూడనైన చూడక, “సార్ పేరు చెప్పండి” అనెను. మావారు, “బండి ఆమెది. ఆమె పేరే రాయండి” అనిరి. ఆ మాట మా కెంత బలమిచ్చెనో ఆయనకు నేటికిని తెలియదు.

నేర్పుటకు మా తమ్ముడు పూనుకొనెను. లెర్నర్ లైసెన్సు ఆరుమాసములు చెల్లును. ముప్పది దినములు నిండిన తరువాతనే అసలు పరీక్షకు పోనిత్తురు. అంతవరకు లైసెన్సుగలవాడు ప్రక్కన నుండవలెను, బండికి ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము కట్టవలెను. ఆదివారము తెల్లవారుజామున ఊరివెలుపలి బయలులో మొదలిడితిమి. మొదటి మూడువారములు క్లచ్చితోడనే సరిపోయినది. ఎడమపాదమును మెల్లగా వదలుచుండగా నొకచోట బండి కొంచెము తలయెత్తును, యంత్రపు స్వరము దిగును. ఆ చోటును పాదము గుర్తెరుంగవలెను. మేము గుర్తెరుంగక ముప్పదిమార్లు బండి నాపివైచితిమి. “అక్కా, దోసె తిప్పేటప్పుడు ఎప్పుడు తిప్పాలో నీకెట్ల తెలుస్తది? గట్లనే” అని వాడనెను. ఆ పోలికతో పాదమునకు బుద్ధి వచ్చెనని చెప్పిన నమ్ముదురో లేదో!

పెద్దకార్లలో తప్పుచేసినను మెత్తని సీట్లు దానిని కప్పిపుచ్చును. ఈ బండి కప్పిపుచ్చదు. చక్రము వ్రేలెడు త్రిప్పిన వ్రేలెడే తిరుగును. బ్రేకు గట్టిగా త్రొక్కిన ముక్కు వంచును. రోడ్డుమీది గులకరాయి నడుమునకు తెలియును. స్పీడుబ్రేకరు వచ్చినపుడు దాదాపుగా ఆపి, ఐమూలగా, ఒక్కొక్క చక్రముగా ఎక్కించుట నేర్చితిమి. లేనిచో పొట్ట గీఱుకొనును. రైలుగేటు ఎత్తుమీద ముందొక ట్రాలీ, వెనుకనొక బస్సు నిలిచియుండగా హ్యాండుబ్రేకుతో బండిని వెనుకకు జారనీయక కదలించిననాడు, మాకు లైసెన్సు చేతికి రాకున్నను వచ్చినట్లే యుండెను.

బండి పోషణమునకు వత్తము. నలుని రథధ్వనిని విని, ఇది యాతని సారథ్యమే యని దమయంతి గుర్తుపట్టిన కథ మనమందఱ మెఱుంగుదుము. మాకు చిన్ననా డది వింతగా తోచెడిది. ఇప్పుడు వింతగా లేదు. ఉదయమున యంత్రము మేల్కొను శబ్దములో నెక్కడ కొత్త కిఱకిఱ వచ్చినను వంటయింటిలో నున్న మాకు తెలియుచున్నది. వారమున కొకమాఱు నూనె మట్టము, నీటి మట్టము, టైర్ల గాలి చూచుకొందుము. తేలికబండికి గాలి ఎక్కువైనను వానలో జాఱును. లోపలి టైమింగుబెల్టు కంటికి కనబడదు గనుక పుస్తకములో చెప్పిన గడువునకే మార్చవలెను. దేహమునకు తుప్పు పట్టదు. కాని సొట్ట పడినచో టింకరింగు షాపులో సుత్తితో సరిచేయుటకు వీలుకాదు, పగులును. పడవలు, నీటితొట్లు అతుకువాడే దీనికి వైద్యుడు.

మా యశ్రద్ధ యొకటి చెప్పవలెను. తొలి వానకాలమున రెండుమాసములు బండిని కదలింపక యుంచితిమి. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళవరకు ఇథనాలు కలియుచున్నది; అది తేమను పీల్చును, పాతకాలపు రబ్బరు గొట్టములను చెఱచును. ఒకనాడు ముంగిట ముగ్గు వేయుచుండగా సన్నని పెట్రోలువాసన తగిలెను. గ్యాసుపొయ్యికి అలవాటుపడిన ముక్కు కదా! తాళము త్రిప్పకుండ, బ్యాటరీతీగ విప్పించి చూపగా, గొట్టము నెఱ్ఱెలువారి చెమ్మగిల్లియుండెను. ఆనాడు తాళము త్రిప్పియుండినచో నేమయ్యెడిదో! గొట్టములన్నియు మార్పించితిమి. 1888లో బెర్తా బెంజ్ అను నిల్లాలు భర్తకు చెప్పక, ఇద్దఱు కుమారులతో మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు ఆయన చేసిన మోటారును తోలుకొనిపోవుచు, దారిలో మూసికొనిన ఇంధనపుగొట్టమును తన టోపీసూదితో శుభ్రపఱచెనట. గొట్టము సంగతి నాటినుండియు ఆడవారికే దొరకుచున్నది కాబోలు!

ఖర్చు లెక్క దాచము. గొట్టములు, టైర్లు, గుడ్డకప్పు కుట్టుకూలి కలిపినచో ఆ యేడు రెండు పట్టుచీరల సొమ్ము దీనికే పోయినది. ఇది పొదుపని చెప్పుట యబద్ధము. అమ్మాయి ఫీజునకు మా కాసులపేరు బ్యాంకులో తాకట్టు పెట్టితిమి. అది యింకను విడిపించలేదు.

ఇక ఉపయోగము. మా యమ్మగారు చేవెళ్ళకును మొయినాబాదుకును నడుమ నొక పల్లెలో నొంటిగా నుందురు. ఆమెను కంటివైద్యమునకు నెలకొకసారి తీసికొనిపోవలెను. ఆ బీజాపూరు రోడ్డుమీద వందలకొలది మఱ్ఱిచెట్లు ఇరువైపుల గొడుగు పట్టును; వానిని నిలుపుటకై ఏండ్లు వాదములు నడచినవి. పైకప్పు తీసి ఆ నీడలో పోవుట హాయియే. కాని ఎండనుండి నీడలోనికి చొచ్చునపుడు ఒక్కక్షణము కన్ను కనబడదు. రాలిన మఱ్ఱిపండ్లపై చినుకుపడినచో చక్రము నిలువదు. అన్నిటికన్న టిప్పర్లు మహాభయము. మన తల వాని చక్రమంత యెత్తున నుండును. తోలువానికి మన మగపడము. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ళ సమీపమున మీర్జాగూడవద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనగా కనీసము 19 మంది మరణించిరి. బస్సునకే యట్లయిన మా ఫైబర్‌గ్లాసు పెంకు ఎంత! ఆ వార్త విని పదిదినములు తాళపుచెవి ముట్టలేదు. అమ్మగారి కంటిచుక్కలు అయిపోయినవి, మరల ముట్టవలసివచ్చెను. నాటినుండి పట్టపగలు కూడ దీపములు వెలిగించి పోదుము. టిప్పరు ప్రక్కను నడువము; దాని యద్దములో తోలువాని మొగము మాకు కనబడనిదే దాటము; చీకటిపడిన తరువాత ఆ రోడ్డు త్రొక్కము. తొందరపడువారు వెనుక హారను కొట్టుకొందురు గాక.

ఏడాది గడువు ముగియవచ్చిన దినములలో అత్తగారు ఒక శనివారము చిలుకూరు బాలాజీ దర్శనమునకు పోవలెననిరి. బస్సులో రద్దీ, ఆటోకు మోకాళ్ళు ఓర్వవు. మేమేమియు ననలేదు. వారే కారుచుట్టు ఒకసారి తిరిగి, “గింత కిందున్నది, ఎట్ల దిగుడు?” అని అడిగిరి. ముందు సీటుమీద వెనుదిరిగి కూర్చుండి, పిమ్మట రెండు కాళ్ళు కలిపి లోపలికి త్రిప్పుకొను విధము చూపితిమి. దారిపొడుగునను చీరకొంగు తలపైనుండి జాఱకుండ రెండుచేతుల పట్టుకొనిరి, ఒక్కమాటయు నాడలేదు. తిరిగివచ్చుచుండగా మాత్రము, “ముందట గా ఎడ్లబండిని దాటవా?” అనిరి.

ఆ మరుసటి వారము నగరవాసి మరల ఫోనుచేసెను. అత్తగారే తీసిరి. “కారు ఇంట్ల లేదయ్యా” అని పెట్టివేసిరి. కారు వేపచెట్టు క్రిందనే యుండెను.