వెంట్రుకలు నాటించుకునే ముందు

చిన్న ఊళ్లలోనూ నగరాల క్లినిక్‌ల ప్రకటనలు ఫోన్లలో కనిపిస్తున్న ఈ రోజుల్లో, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కొత్త జుట్టును పుట్టించదని, తల వెనుక భాగంలో ఉన్న కుదుళ్లను తీసి పలచబడినచోట నాటడమే దాని పని అని ముందుగా గ్రహించాలి. చోటు మారినా కుదురు తన పూర్వ స్వభావాన్నే నిలుపుకుంటుందని అమెరికా చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రచురించిన పరిశోధన చూపింది.

చర్మపు పట్టీని కోసి కుదుళ్లను వేరుచేసే పద్ధతిని ఎఫ్‌యూటీ అని, ఒక్కొక్క కుదురునూ విడిగా తీసే పద్ధతిని ఎఫ్‌యూఈ అని అంటారు. రెండింటిలోనూ మచ్చలు మిగులుతాయి, తీసినచోట కుదుళ్లు మళ్లీ మొలవవు. తల వెనుక ఉన్న కుదుళ్ల నిల్వ పరిమితం కనుక, బట్టతల ఎంతవరకు వ్యాపిస్తుందో తేలని ఇరవయ్యేళ్ల ప్రాయంలో తొందరపడితే, తరువాతి అవసరానికి కుదుళ్లే మిగలకపోవచ్చు. నాటిన వెంట్రుకలు మొదటి వారాల్లో రాలి, కొన్ని నెలలకు తిరిగి మొలుస్తాయి. పూర్తి ఫలితం కనిపించడానికి దాదాపు ఏడాది పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చేసే వ్యక్తి అర్హత. వీడియోలు చూసినంత మాత్రాన ఈ శస్త్రచికిత్సకు కావలసిన శిక్షణ వచ్చినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. మత్తుమందు మోతాదు మించితే ప్రాణాపాయం కలగవచ్చు కాబట్టి, వైద్యుని పేరు తెలంగాణ వైద్య మండలి నమోదులో ఉన్నదో లేదో, కోతలు స్వయంగా ఎవరు పెడతారో, అత్యవసర చికిత్సకు ఏర్పాట్లున్నాయో లేదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.