వార్తల్లో పదం: బ్యూబోనిక్ ప్లేగు

అమెరికాలో ఏటా సగటున ఏడుగురికి ప్లేగు సోకుతోంది. అక్కడ కేసు బయటపడ్డప్పుడల్లా ఈ పేరు మన పత్రికల్లోకీ వస్తుంది. ఎలుకల మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగులు కుడితే యెర్సీనియా పెస్టిస్ అనే బాక్టీరియా ఒంట్లో చేరుతుంది. జ్వరంతో పాటు గజ్జల్లో, చంకల్లో గడ్డలు లేస్తాయి. ఊపిరితిత్తులకు పాకితే మనిషి నుంచి మనిషికీ అంటుతుంది.

మన దేశంలో ఈ జబ్బు 1896లో బొంబాయిలో బయటపడి, 1898కి బెంగళూరు చేరింది. తిరుపతి అప్పుడు మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లా ఊరు. ప్లేగు ఊళ్ల నుంచి వచ్చేవారికి ఆ రాజధానిలో ‘ప్లేగు పాస్‌పోర్టు’ ఇచ్చి, చేరిన చోట కొన్నాళ్లు అధికారులకు కనబడమనేవారు. తిరుమల కొండకొచ్చే భక్తుడికైనా మినహాయింపు ఏముంటుంది! కోవిడ్‌లో మనమీద ప్రయోగించిన అంటువ్యాధుల చట్టం 1897 నాటి ఆ భయంలో పుట్టిందే.

చిత్తూరు, కోలారు, కృష్ణగిరి కలిసే సరిహద్దు ప్రాంతం పాత ప్లేగు స్థావరం. అందుకే బెంగళూరులోని కేంద్ర ప్లేగు నిఘా విభాగం అడవి ఎలుకల, కుక్కల రక్తాన్ని పరీక్షిస్తుంటుంది. జబ్బును త్వరగా పట్టుకుంటే స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది.