14 వేల గాలి పడవ, ఒక యూరియా సంచి



పోయిన నెల పెట్టిన కృష్ణ వీడియో కింద ఎక్కువమంది అడిగింది ఒక్కటే. "అన్నా, ఆ పడవ ఎక్కడ కొన్నారు, ఎంతయింది, లింకు పెట్టండి." మిరపలో బొబ్బర తెగులు మీద కష్టపడి చేసిన వీడియోకి ఇంతమంది రాలేదు, చేపల వీడియోకి వచ్చారు. సరే, సంతోషమే. లింకు పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ వీడియోలో 11వ నిమిషం దగ్గర ఒక కోత ఉంది, గమనించారో లేదో. పడవలో కూర్చుని గాలం వేస్తూ ఉంటాను. వెంటనే గట్టు మీద తడి బట్టలతో టీ తాగుతూ కనిపిస్తాను. మధ్యలో జరిగింది నేనే తీసేశాను. సిగ్గేసి తీసేశాను. ఆ సంగతి చెప్పకుండా లింకు పెడితే, రేపు ఎవరికైనా ఏమన్నా అయితే ఆ పాపం నాది. అందుకని ఈసారి రాసి చెబుతున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

మా చేను అచ్చంపేట వైపు, కృష్ణ ఒడ్డున. పైన పులిచింతల, అక్కడినుంచి కిందికి 85 కిలోమీటర్లు పోతే ప్రకాశం బ్యారేజీ. ఈ మధ్యలో ఏరు ఒక్క తీరుగా ఉండదు. ఒకచోట మోకాలి లోతు ఇసుక, పది అడుగులు వేస్తే మనిషి మునిగే మడుగు. చిన్నప్పుడు వెదురు కర్రకి దారం కట్టి, నెమలి ఈకతో బెండు చేసి పరిగెలు పట్టేవాళ్ళం. అవే పులుసు, అవే వేపుడు. ఇప్పుడు గట్టు మీద నిలబడి గాలం వేద్దామంటే ముందు గుర్రపుడెక్క, దాని వెనక జమ్ము, ఆ తర్వాతే నీళ్ళు. ఎంత దూరం విసిరినా నాచులోనే పడుతుంది. పెద్ద చేప తిరిగేదేమో జమ్ముకి అవతల, మడుగు అంచున. అక్కడికి పోవాలంటే పడవ కావాలి. నాటు పడవ కొనే స్థోమత లేదు, కొన్నా దాన్ని కాపలా కాసేదెవరు?

అట్లా ఈ గాలి కయాక్ కొన్నా. పడవ, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు, కాలితో తొక్కే పంపు అన్నీ కలిపి 14 వేలయింది. ఒక్క మనిషికి సరిపోతుంది. మడిచి సంచిలో పెడితే మోటారు సైకిల్ వెనక కట్టుకోవచ్చు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, అడుగున ఒకటి, మొత్తం మూడు గాలి గదులు. ఒకదానికి చిల్లు పడినా మిగతా రెండూ తేలుస్తాయి. కింద వెనకవైపు చిన్న ప్లాస్టిక్ రెక్క వస్తుంది. దాన్ని బిగించకుండా దిగితే పడవ బొంగరంలా తిరుగుతుందే గానీ ముందుకు పోదు. మొదటిరోజు నేను చేసింది అదే, మా అబ్బాయి గట్టు మీద పడీ పడీ నవ్వాడు.

చవక పడవతో వచ్చే చిక్కులు మన ఊళ్ళలో వేరేగా ఉంటాయి. కంపెనీ పుస్తకంలో రాళ్ళ గురించి రాస్తారు. మనకి అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. గట్టు దిగే దారిలోనే ఉంటుంది. పడవని ఈడ్చకుండా ఎత్తి తీసుకుపోవాలి. రెండోది జెల్ల. దాని వీపు మీదా, రెండు పక్కలా ఉండే ముళ్ళు చేతికి గుచ్చుకుంటే ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అదే ముల్లు పడవకీ గుచ్చుకుంటుంది. అందుకే నేను ఒక పాత ప్లాస్టిక్ బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుంటా, జెల్ల పడితే నేరుగా అందులోకే. మూడోది ఎండ. గట్టిగా గాలి కొట్టిన పడవని మధ్యాహ్నం ఇసుక మీద వదిలేసి అన్నం తినడానికి పోతే, లోపల గాలి వేడెక్కి ఉబ్బి అతుకులు విడిపోతాయి. నీడలో పెట్టాలి, లేదా కొంచెం గాలి వదలాలి. చిల్లు పడితే సైకిల్ ట్యూబుకి వేసే సొల్యూషన్ దీనికి నిలవదు. ఇది రబ్బరు కాదు, పీవీసీ. దానికి సరిపడే జిగురు వేరే ఉంటుంది, అదే వాడండి.

ఇంక చేపల సంగతి. ఇది చెప్పమంటే నాకు తెల్లారిపోద్ది.

వరద తగ్గి నీళ్ళు తేటపడ్డాక, చలికాలంలో దిగితే బాగుంటుంది. వానాకాలం మొదట్లో నేను దిగను. ఒకటి వరద భయం, రెండోది బొచ్చె, శీలావతి, ఎర్రమోసు గుడ్లు పెట్టే కాలం అదే. కడుపుతో ఉన్న చేపని పట్టుకుంటే వచ్చే ఏడాది ఏం పడతాం? ఈ మూడింటికీ ఎర మన చేలోనే ఉంది. తౌడు, వేరుశనగ చెక్క, కొంచెం గోధుమపిండి కలిపి ముద్ద చేసి గాలానికి గుచ్చుతా. అదే ముద్ద ఓ గుప్పెడు ముందుగా నీళ్ళలో చల్లి అరగంట ఆగుతా. శీలావతి మధ్య నీళ్ళలో తిరుగుతుంది, ఎర్రమోసు అడుగున బురదలో మేస్తుంది, బొచ్చె పైన. కాబట్టి బెండు నుంచి గాలానికి ఎంత దారం వదిలామన్నదే అసలు పని. జెల్లకీ, బొమ్మిడాయికీ వానపాము. ఎరువు గుంటలో తవ్వితే కావలసినన్ని.

కొర్రమీను ఇష్టం లేని మనిషి మన దగ్గర ఉన్నాడా? తెలంగాణవాళ్ళు 2016లో దాన్ని రాష్ట్ర చేపగానే పెట్టుకున్నారు. జమ్ము అంచున, ఆకుల నీడన ఉంటుంది. పడవ చప్పుడు లేకుండా జారుతుంది గనుక దగ్గరికి పోవచ్చు, గట్టు మీద అడుగుల అదురుకే పారిపోయే చేప ఇది. ఒక్క మాట. జమ్ము పక్కన నీళ్ళ మీద ఎర్రగా, గుప్పెడు మిరపగింజలు చల్లినట్టు సన్న పిల్లల గుంపు కనిపిస్తే అక్కడ గాలం వేయకండి. అవి కొర్రమీను పిల్లలు. కిందనే తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఏది దగ్గరికొచ్చినా మీద పడతాయి కాబట్టి పట్టడం చాలా తేలిక. కానీ పెద్దదాన్ని తీసేస్తే ఆ గుంపుని నిమిషాల్లో మిగతా చేపలు తినేస్తాయి. ఒక కూరకి వందల చేపలు పోయినట్టే.

వాలుగ చీకటిపడే వేళ వస్తుంది. నోట్లో సన్న పళ్ళ వరసలుంటాయి, నైలాన్ దారాన్ని అరగదీసి తెంపుతుంది. ఒకసారి పడిన వాలుగ నన్నూ పడవనీ కలిపి ఓ యాభై గజాలు లాక్కుపోయింది. తర్వాత తెంపుకుని పోయింది. పోనీలెండి, ప్రపంచం మొత్తం మీద తగ్గిపోతున్న జాతుల జాబితాలో ఉందది. ఏట్లో బ్యాటరీ కరెంటు పెట్టి, బాంబులు వేసి పట్టేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళ పుణ్యమే ఇదంతా. నీళ్ళలో మందుగుండు వాడకూడదు, విషం కలపకూడదు అని 1897 నాటి చట్టంలోనే రాసి ఉంది. ఎవరు వింటున్నారు!

ఇప్పుడు ఆ కోత సంగతి.

ఫిబ్రవరి రెండో వారం. మధ్యాహ్నం మూడు దాటాక దిగాను. మడుగు అంచున పడవ కదలకుండా నిలవాలంటే లంగరు కావాలి. లంగరు కొనడం దండగనుకుని, ఓ యూరియా సంచిలో సగం ఇసుక నింపి మూతి కట్టాను. (ప్రకృతి వ్యవసాయం చేసేవాడి ఇంట్లో యూరియా సంచి ఎక్కడిదని అడగబోకండి, పక్క చేనాయన దగ్గర తెచ్చా.) సంచిని నీళ్ళలో వదిలి, తాడు చేతికి అందేటట్టు పడవ పక్కనున్న కొక్కేనికి కట్టేశా. లైఫ్ జాకెట్ ఉంది. ఉక్కగా ఉందని విప్పి సీటు వెనక పెట్టా. ఫోను ఎదురుగా స్టాండు మీద తిరుగుతోంది.

నాలుగున్నరకి రెండు శీలావతులు పడ్డాయి. ఒకటి కిలో పైనే. ఆ సంబరంలో నీళ్ళవైపు చూడలేదు. చూసేసరికి పక్కనుంచి పోయే గుర్రపుడెక్క ముక్కలు ఇందాకటికంటే తొందరగా పోతున్నాయి. పైనుంచి నీళ్ళు పెరుగుతున్నాయి. ఆనకట్ట కింద ఏట్లో ఇట్లా పెరగడం తగ్గడం మామూలే, ఒడ్డున ఉండేవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు. దిగేముందు ఎవర్నీ అడగలేదంతే. పైగా అప్పుడే పైరగాలి లేచింది. నీళ్ళు అటు, గాలి ఇటు. పడవ అడ్డం తిరిగింది.

అడ్డం తిరిగిన పడవకి పక్కన కట్టిన తాడు ఏం చేస్తుందో ఆరోజు అర్థమైంది. నీళ్ళు పడవని కిందికి తోస్తుంటాయి, తాడేమో పైవైపు అంచుని అడుగుకి లాగుతుంది. ఆ అంచు మునుగుతుంది, నీళ్ళు లోపలికొస్తాయి. ముడి విప్పుదామని నేను అటే వంగా. నా బరువు కూడా అటే పడింది. ఇంక చెప్పేదేముంది.

నాకు ఈత వచ్చండి. మా బావిలో నేర్చుకున్నదే. కానీ బావిలో నీళ్ళు మనల్ని ఎక్కడికీ లాక్కుపోవు. మునిగి లేచేసరికి గాలం దారం కాలికి చుట్టుకుంది. తన్నేకొద్దీ బిగుస్తోంది. జాకెట్ నాకంటే ముందే కిందికి పోతూ కనిపించింది, ఎర్రగా, నిమ్మళంగా. తిరగబడ్డ పడవని ఒక చేత్తో పట్టుకున్నా. అరిచానో లేదో గుర్తులేదు. మా చిన్నదానికి ఆరోజు స్కూల్లో ఫీజు కట్టాలన్న సంగతి మాత్రం గుర్తొచ్చింది, ఎందుకో.

జమ్ము అవతల వల ఎత్తుకుంటున్న ఒక పెద్దాయన చూశాడు. ఆయనది పుట్టి, పైన సాగర్ వైపు నుంచి తెచ్చుకున్నది. వెదురు బద్దల గంప, అడుగున పట్టా, దానికి తారు. పూర్వం పట్టాకి బదులు తోలు కట్టేవాళ్ళట. గుండ్రంగా ఉండే ఆ గంపని ఒక్క తెడ్డుతో తిప్పుకుంటూ వచ్చేశాడు. నేను అంచు పట్టుకుని ఎక్కబోయా.

"ఎక్కమాకు! ఇద్దరం పోతాం. వెనకమాల పట్టుకుని ఏలాడు."

కత్తితో ముందు సంచి తాడు కోశాడు. తర్వాత పుట్టిని వెనక్కీ ముందుకీ చూడకుండా మెల్లగా గట్టువైపు తిప్పుకుంటూ పోయాడు. ఒక చేత్తో పుట్టినీ, ఇంకో చేత్తో నా పడవనీ పట్టుకుని నేను. కాళ్ళకి ఇసుక తగిలాక గానీ నాకు వణుకు మొదలవలేదు.

"బాబాయ్, నాకు ఈత వచ్చు, అయినా..." అన్నా, ఏదో సిగ్గు కప్పుకోవడానికి.

"ఏట్లో ఈతొచ్చినోళ్ళే పోతారబ్బాయ్. రానోడు దిగడు గదా" అన్నాడు.

ఫ్లాస్కులో టీ పోసిచ్చాడు. వీడియోలో నేను తాగేది ఆ టీనే. ఫోను వాటర్‌ప్రూఫ్ కవరులో ఉంది గనుక బతికింది. అందులో రికార్డయింది కాసేపు ఆకాశం, కాసేపు పచ్చటి నీళ్ళు, ఇంకేం లేదు.

ఆ తర్వాత వారం బాబాయ్ దగ్గరికి పోయి కూర్చున్నా. పేరు రాయొద్దన్నాడు, ఫోటో వద్దన్నాడు. ఆయన చెప్పిందీ, నేను మార్చుకున్నదీ ఇదీ.

లంగరు తాడు పడవ ముక్కుకి గానీ తోకకి గానీ కట్టాలి, పక్కకి ఎప్పుడూ కట్టకూడదు. ముక్కుకి కడితే నీళ్ళు రెండు పక్కలా చీలిపోతాయి. ముడి ఒక్క లాగుకి ఊడేది వేయాలి. తాడు పొట్టిగా ఉండకూడదు, లోతుకి మూడు నాలుగింతలు వదలాలి, లేకపోతే నీళ్ళు పెరిగినప్పుడు ముక్కు కిందికి గుంజుతుంది. తాడు కొసకి ఖాళీ కూల్‌డ్రింకు సీసా కట్టుకుంటే, తొందరలో వదిలేసినా తేలుతూ ఉంటుంది, తర్వాత వచ్చి తీసుకోవచ్చు. నీళ్ళు జోరుగా ఉన్నచోట అసలు లంగరే వేయకూడదు. కత్తి జాకెట్‌కే కట్టుకోవాలి, సంచిలో కాదు. ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు ఎక్కడున్నాయో బాబాయ్ వేలితో చూపించాడు. మ్యాపులో ఉండవవి. బయలుదేరేటప్పుడు ఎదురు నీళ్ళకి పోయి, అలసిపోయాక నీళ్ళతోపాటు దిగి రావాలి. నేను అంతకుముందు తిరగేసి చేసేవాణ్ణి. గాలి లేచే వేళకి గట్టున ఉండాలి.

2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయినప్పుడు పడవలన్నీ ఎట్లా పైకి లాక్కున్నారో కూడా చెప్పాడు. 2017లో పవిత్ర సంగమం దగ్గర, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవలు మునిగినప్పుడు లైఫ్ జాకెట్ల గురించి నేనూ టీవీ ముందు కూర్చుని పెద్ద మాటలే మాట్లాడా. మరి నాది సీటు వెనక ఎందుకు పెట్టుకున్నట్టు?

కొత్త జాకెట్ 1,800 అయింది. ఇప్పుడు గట్టు మీదే తొడుక్కుని, నీళ్ళలోంచి బయటికొచ్చాకే విప్పుతున్నా. ఉక్కపోస్తే నెత్తిన తడి తువ్వాలు వేసుకుంటా.

ఇంకో రెండు సంగతులు, చాలామంది అడిగారు గనుక. చెరువులో వేట హక్కు మత్స్య సహకార సంఘం వాళ్ళది, అడక్కుండా గాలం వేయకండి. ఏటికైతే మీ మత్స్యశాఖ ఆఫీసులో లైసెన్సు సంగతి ముందే కనుక్కోండి. వలలు కట్టినచోటికి పడవ తీసుకుపోకండి, అది వాళ్ళ కూడు. గాలానికి ఒళ్ళంతా గరుకు పెంకులాంటి మచ్చల చేప పడితే, దాన్ని దెయ్యం చేప అంటున్నారు, అక్వేరియం తొట్లలోంచి ఏట్లోకి వచ్చిన దక్షిణ అమెరికా జాతి. వలలు చింపేస్తోందని బాబాయ్ వాళ్ళ గోల అంతా ఇంతా కాదు. దాన్ని మాత్రం తిరిగి నీళ్ళలో వదలొద్దు. నేను తెచ్చి, చేప తలలూ పేగులతో కలిపి, సమానంగా బెల్లం వేసి డ్రమ్ములో పెడుతున్నా, మిరపకి ద్రావణం అవుతుంది.

పడవ లింకు కింద పెట్టాను, జాకెట్ లింకు దానికి పైన పెట్టాను. ఆ తీసేసిన ముక్క కూడా ఈ వీడియోలో చివర కలిపాను, ఆకాశమే కనిపిస్తుంది గానీ మాటలు వినపడతాయి. వచ్చే ఆదివారం బాబాయ్ నాకు పుట్టి తిప్పడం నేర్పుతానన్నాడు. కెమెరా తన మొహం మీదికి తిప్పనంటేనే.