‘నడవండి’ అంటే సరా!

‘‘రోజూ అరగంట నడవాలమ్మా!’’

చీటీలో మందుల పేర్లన్నీ అయ్యాక చివరగా డాక్టరు చెప్పిన మాట అది. ఆమె తలూపింది. చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. మూడు నెలల తరవాత మళ్లీ వచ్చింది. షుగర్‌ తగ్గలేదు.

‘‘నడుస్తున్నారా?’’

‘‘ఆఁ... నడుస్తున్నా బాబూ!’’

డాక్టరు మరో మాత్ర పెంచాడు.

నిజానికి ఆమె ఒక్కరోజు కూడా నడవలేదు. తెల్లవారుజామున కుళాయి నీళ్లు వస్తాయి, ఆ టైమ్‌లో గడప దాటడం కుదరదు. చీకటి పడ్డాక వీధిలో కుక్కల భయం. పైగా ‘పనీపాటా లేక షికార్లు తిరుగుతోంది’ అని ఎదురింటివాళ్లు అంటారేమోనన్న బిడియం. ఇవన్నీ డాక్టరుకి చెప్పొచ్చుగా అంటారా? ఎవరైనా అడిగితేగా!

ఇది ఏ ఒక్కరి కథో కాదు. ఇలాంటి అమ్మలు ప్రతి వీధిలోనూ ఉంటారు. మన ఇంట్లోనూ ఉండొచ్చు.

సలహా ఒకటే... బతుకులు వేరు!

వ్యాయామం అవసరాన్ని కాదనేవాళ్లు లేరు. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఓ మోస్తరు శ్రమ చేయాలనీ, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కానీ ఆచరణ? 2022 నాటికి మనదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మంది చాలినంత శ్రమ చేయడం లేదని 2024లో లాన్సెట్‌ గ్లోబల్‌ హెల్త్‌ పత్రికలో వచ్చిన అధ్యయనం తేల్చింది. మగవాళ్లలో ఇది 42 శాతమైతే ఆడవాళ్లలో 57 శాతం. మరోపక్క మనదేశంలో మధుమేహులు 10 కోట్లు దాటారని ఐసీఎంఆర్‌ అధ్యయనం 2023లో లెక్క చెప్పింది.

అంటే, చెప్పేవాళ్లకు లోటు లేదు. చెప్పింది ఇంటిదాకా చేరడం లేదు. ఎందుకని?

రోజంతా వంగి నాట్లు వేసే కూలీనే తీసుకోండి. ‘నడవండి’ అంటే ఆమెకు నవ్వొస్తుంది. ఆమెకు కావలసింది ఇంకాస్త శ్రమ కాదు... నడుముకీ మోకాళ్లకీ ఊరటనిచ్చే కదలికలూ, కాస్త విశ్రాంతీ. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టే మహిళ సంగతి వేరు. ఆమె ఒళ్లు అలిసిపోతుంది, కానీ కదలదు. లేచి నాలుగడుగులు వేస్తే ఆ కాసేపటి కూలీ పోతుందన్న లెక్క ఆమెది. ఇక గుండెకు స్టెంటు వేయించుకున్న పెద్దాయన... మెట్లెక్కితే ఏమవుతుందోనన్న భయంతో మంచం దిగడు. ఇంట్లోవాళ్లూ దిగనివ్వరు!

ముగ్గురికీ ‘రోజూ అరగంట’ అని ఒకే చీటీ రాస్తే ఎలా?

శ్రమని మనిషి బతుకులోంచి చూడాలన్నది కొత్త సంగతేమీ కాదు. లండన్‌ డబుల్‌ డెక్కర్‌ బస్సుల్లో స్టీరింగ్‌ ముందు కూర్చునే డ్రైవర్లకన్నా, రోజంతా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని జెరెమీ మోరిస్‌ బృందం 1953లోనే ప్రకటించింది. ఆ కండక్టర్లెవరూ వ్యాయామం కోసం మెట్లెక్కలేదు. అది వాళ్ల ఉద్యోగం, అంతే!

18 సెకన్లు

మరి, రోగి బతుకు గురించి వినే తీరిక వైద్యుడికి ఉంటుందా? అమెరికాలో 1984లో ఓ పరిశోధన జరిగింది. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టాక సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డుపడుతున్నాడని అందులో తేలింది. ఓపీ ముందు బారులు తీరే మన ఆస్పత్రుల్లో పరిస్థితి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా!

తప్పంతా డాక్టరుదే అనలేం. ఎముకల పేర్లూ మందుల మోతాదులూ ఏళ్ల తరబడి నేర్పే చదువు, ఎదుటి మనిషిని ఎలా అడగాలో చాలాకాలం పాఠంగా నేర్పలేదు. సీనియర్లను చూసి ఎవరికి వారు నేర్చుకోవాల్సిందే. ఆ లోటు తీర్చే ప్రయత్నం మనదేశంలో 2019లో మొదలైంది. ఆ ఏడాది చేరిన ఎంబీబీఎస్‌ విద్యార్థుల నుంచి ప్రవర్తన, నీతి, సంభాషణ నైపుణ్యాలను కలిపి ‘ఎట్‌కామ్‌’ పేరిట పాఠ్యాంశంగా తెచ్చారు. మొదటి ఏడాదిలోనే అందులో ఓ పాఠం ఉంది... ‘రోగిగా ఉండటమంటే ఏమిటి?’ అని!

ఆ తరవాత వచ్చింది కుటుంబ దత్తత కార్యక్రమం. 2021-22 బ్యాచ్‌తో మొదలైన ఈ పథకం ప్రకారం వైద్య విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువుకునే రోజుల్లోనే వాళ్ల బాగోగులు చూడాలి. అదే ఇంటికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆస్పత్రి బల్ల దగ్గర కనిపించనివెన్నో గడప దగ్గర కనిపిస్తాయి... ఇరుకు వీధీ, ఎత్తు మెట్లూ, అరిగిన చెప్పులూ, కోడలికి దొరకని ఆ అరగంటా!

తరగతి గదిలో నాటకం

ఇంటికి వెళ్లకముందు సాధన చేయడానికీ ఓ దారి ఉంది. 1963లో హోవార్డ్‌ బారోస్‌ అనే అమెరికన్‌ వైద్యుడు, రోగిలా నటించేవాళ్లను విద్యార్థుల ముందు కూర్చోబెట్టడం ప్రారంభించాడు. ఈ పద్ధతి తరవాత ఎన్నో దేశాలకు పాకింది. ఇక్కడ తప్పు చేసినా ఎవరికీ నష్టం లేదు. పైగా ‘మీరు అలా అడిగినప్పుడు నాకు చిన్నతనంగా అనిపించింది’ అని ఆ ‘రోగి’ మొహమాటం లేకుండా చెబుతాడు. నిజమైన రోగి ఆ మాట ఎన్నటికీ చెప్పడు.

అయితే, ఏమని అడగాలి? దీనికో దారి చూపింది విలియం మిల్లర్‌ అనే మనస్తత్వవేత్త. మద్యం మానలేనివాళ్లతో మాట్లాడటం కోసం 1983లో ఆయన వివరించిన పద్ధతి, స్టీఫెన్‌ రోల్నిక్‌ తోడయ్యాక మిగతా వైద్యానికీ విస్తరించింది. దాని కిటుకు చిన్నది... మనం బలవంతపెడితే ఎదుటివాళ్లు ‘ఎందుకు కుదరదో’ చెబుతారు. నిదానంగా అడిగితే ‘ఎందుకు చేయాలో’ వాళ్లే చెబుతారు!

ఉదాహరణకి ‘నడక మీకు ఎంత ముఖ్యం, పదికి ఎన్ని మార్కులు వేస్తారు?’ అని అడుగుతారు. ‘నాలుగు’ అన్నారనుకోండి. ‘నాలుగేనా!’ అని దెప్పకూడదు. ‘రెండు కాకుండా నాలుగెందుకు వేశారు?’ అనాలి. అప్పుడు, ‘మనవరాలి పెళ్లి నాటికి కర్ర లేకుండా నిలబడాలనుంది’ అనే అసలు మాట బయటికొస్తుంది. చీటీలో రాయాల్సింది ఆ మాట నుంచే పుట్టాలి.

ఇక విద్యార్థులు తమకు తామే పెట్టుకోదగ్గ పరీక్ష ఒకటుంది. రోగికి చెప్పబోయే సలహాను ముందు తాము రెండు వారాలు పాటించి చూడటం! ఏ రోజు ఎందుకు కుదరలేదో రాసుకుంటే చాలు... ‘బద్ధకం’ అనే మాట మరొకరి మీద అంత తేలిగ్గా వాడరు.

మనమూ నోరు విప్పాలి

అడగడం వాళ్లు నేర్చుకుంటున్నప్పుడు, చెప్పడం మనం నేర్చుకోవద్దూ! ఈసారి డాక్టరు ‘నడవండి’ అంటే ఊరికే తలూపకండి. ‘మోకాలు నొప్పండీ, ఇంకేదైనా చెప్పండి’ అనండి. ‘నడుస్తుంటే ఆయాసం వస్తోంది, గుండెలో పట్టేసినట్టుంటోంది’ అన్న సంగతైతే అసలు దాచొద్దు. అరగంట ఒక్కసారిగా దొరకకపోయినా బెంగ లేదు. ఒక్కో విడతా కనీసం పది నిమిషాలుండాలన్న పాత నియమాన్ని 2020 మార్గదర్శకాల్లోనే తీసేశారు. ఇంటిపనైనా, బస్టాపుదాకా నడకైనా... ప్రతి కదలికా లెక్కలోకే వస్తుంది.

మళ్లీ మొదటి అమ్మ దగ్గరికే వద్దాం. ఈసారి ఆమె ఇంటి అరుగు మీద ఓ వైద్య విద్యార్థిని కూర్చుందనుకోండి. ‘నడుస్తున్నారా?’ అని కాకుండా, ‘పొద్దున లేచింది మొదలు మీ రోజెలా గడుస్తుందమ్మా?’ అని అడిగింది. కుళాయి సంగతి వచ్చింది, కుక్కల సంగతి వచ్చింది, ఎదురింటివాళ్ల సంగతీ వచ్చింది. అమ్మాయి అడ్డుపడలేదు. ఆఖర్లో ఆమే కాసేపు ఆలోచించి అంది...

‘‘మనవణ్ని ఆటోలో పంపుతున్నాం. రేపట్నుంచి నేనే బడిదాకా దిగబెట్టొస్తే... అది కూడా నడక కిందికే వస్తుందా తల్లీ?’’

ఎందుకు రాదూ! ఆ వేళకి వీధి నిండా మనుషులుంటారు. మనవడి చెయ్యి పట్టుకుని వెళ్లే నాయనమ్మను ‘పనీపాటా లేదు’ అనేవాళ్లూ ఉండరు.